జలపతి డ్యూటీ

బీడీల చాటకు ఆనించి పెట్టిన ఫోన్లో జలపతి నవ్వుతున్నాడు.

ఒంటి మీద మచ్చల మచ్చల పచ్చ డ్రెస్సు, నెత్తిన ఇనుప టోపీ, భుజాన తుపాకీ. చుట్టూ మంచు.

ఊర్మిల తన మొగుడి ఆ ఫొటోను కథలాపూర్‌లో చూపించని మనిషి లేడు. "రష్యాల సెక్యూరిటీ డ్యూటీ" అని చెప్పేది. తుపాకీ ఎందుకని ఎవరన్నా అడిగారో, ఇంతెత్తున లేచేది.

"కోరుట్ల బ్యాంకు కాడ కూసునే ముసలాయినకు లేదా తుపాకి? నా మొగనికి ఉంటెనే మీకు నొచ్చిందా?"

ఆమె నోటి ముందు నిలిచేదెవరు! అయినా దుబాయిలో ఆరేళ్లు జలపతి చేసింది గేటు కాడ కాపలానే. అక్కడ నీలం డ్రెస్సు, ఇక్కడ పచ్చ డ్రెస్సు. అంతే తేడా అనుకున్నారు అందరూ.

సిరిసిల్లలో మరమగ్గాల సాంచలు నడిపే తమ్ముడు మహేశ్‌ను కూడా ఆమే బయలుదేరదీసింది. "గా మోతల చెవులు పోగొట్టుకుంటవా? మీ బావ కాడికి పోరా" అని నెల రోజులు సతాయించింది. కోరుట్ల ఏజెంటు రాజేందర్‌తో తానే మాట్లాడింది.

ఇవాళే మహేశ్ ప్రయాణం. పొద్దున్నే శంషాబాద్ చేరాడు.

"మహేశ్ తోని మావోనికి మామిడికాయ తొక్కు పంపినవా?" అడిగింది అత్త బుచ్చవ్వ, బీడీ ఆకు కత్తిరిస్తూ.

"పంపిన అత్తమ్మా."

ఫోన్ మోగింది. బయటి దేశం నంబరు.

"అక్కా, నా పేరు నవీన్. మాది కోనరావుపేట. జలపతన్న, నేను ఒక్క కాడనే ఉండేటోళ్లం. దవాఖానల ఉన్న. నర్సు ఫోన్ అడుక్కొని చేస్తున్న."

"ఏమైంది తమ్మీ? డ్యూటీల దెబ్బ తాకిందా?"

"గది సెక్యూరిటీ డ్యూటీ కాదక్కా. మమ్ముల మిలిట్రీల కలిపిండ్రు. పదిహేను దినాలు తుపాకి నేర్పిచ్చి లడాయికి తోలిండ్రు. అందరికంటె ముందట నడిచేది మేమే."

ఊర్మిల లేచి బాత్రూం గోడ పక్కకు నడిచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. బుచ్చవ్వకు చెవులు బాగా వినిపిస్తాయి, అదొక్కటే తోచింది.

"అన్న చచ్చిపోయిండక్కా. పన్నెండు దినాలాయె. నా పక్కపొంటి నడుస్తుండె. మీదికెల్లి బాంబు పడ్డది."

"థూ, నీ నోరు పడ! నిన్న గూడ మెసేజ్ పెట్టిండు నాకు. తిన్నవా అని అడిగిండు."

"ఫోన్లన్ని మొదటిసంది ఏజెంటు మనుషుల కాడనే ఉన్నయక్కా. అన్న గూడ వాళ్ల ముందటనే మాట్లాడేటోడు. ఇంక మనుషులు కావాలె వాళ్లకు."

లైను తెగిపోయింది.

జలపతికి సంతకమే గగనం. ఎప్పుడూ గొంతు పంపేవాడు. పన్నెండు రోజులుగా రాతలే వస్తుంటే, రూములో ఎవరితోనో రాయిస్తున్నాడని అనుకుంది. గొంతెందుకు పంపవని ఒక్కసారి అడగలేదు. అయ్యో, అడగలేదే!

ముప్పై తొమ్మిదేళ్ల మనిషి. పసుపు తవ్వాడు, బావుల్లో పూడిక తీశాడు, దుబాయి ఎండలో గేటు తీసి వేశాడు. కోడిని కొయ్యమంటే మొహం తిప్పుకొనేవాడు. అలాంటివాణ్ని పట్టుకుపోయి సిపాయిని చేశారట.

గల్ఫులో ఎవరన్నా పోతే ఈ ఊళ్లల్లో ఒక పద్ధతుంది. శవపెట్టె పొలిమేర దాకా వచ్చేవరకు భార్యకు చెప్పరు, తల్లికి అసలే చెప్పరు. పానం బాగాలేదంటారు, దవాఖానాలో ఉన్నాడంటారు. ఊర్మిల కూడా ఎన్ని ఇళ్లల్లో అలా అబద్ధమాడి, ఇంత అన్నం తినిపించి వచ్చిందో.

ఇప్పుడు దానికి టైము లేదు. మహేశ్!

రెండుసార్లు వేరే పేరు నొక్కింది. మూడోసారి తమ్ముడు దొరికాడు.

"అక్కా, లోపలికి పోయే లైన్ల నిలబడ్డ" అన్నాడు హుషారుగా.

"ఎనుకకు రారా" అంది గొంతు తగ్గించి. "నాకు పానం మంచిగ లేదు."

"పొద్దుగాల మంచిగనే ఉంటివి గదనే! ఏడ్వకు, దిగినంక ఫోన్ జేస్త."

"ఏజెంటు మోసం చేసిండురా. గది మంచి పని కాదట."

"ఎవడు జెప్పిండు? బావ ఇప్పుడే మెసేజ్ పెట్టిండు. నన్ను తీస్కపోను తనే అస్తడట. రాజేందరన్న పక్కనే ఉన్నడు, మాట్లాడుతవా?"

ఫోన్లో ఎవరిదో గొంతు వినిపించింది. "పాస్‌పోర్టు చేతుల పట్టుకో తమ్మీ."

ఊర్మిల వెనక్కి తిరిగి చూసింది. బుచ్చవ్వ చాట ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని, బీడీకి దారం చుడుతోంది. మధ్యన పదడుగులు కూడా లేవు.

ఇంక గొంతు తగ్గించడం ఆమె వల్ల కాలేదు.

"మీ బావ లేడురా! చచ్చిపోయిండు! పన్నెండు దినాలైంది చచ్చిపోయి! నిన్ను గూడ చంపుతరు. ఉరుకు మహేశా, బయటికి ఉరుకు!"



అటువైపు ఏదో కింద పడ్డ చప్పుడు. "ఏయ్, ఏడికి?" అని రాజేందర్ అరుపు. పరుగెత్తుతున్న తమ్ముడి ఎగపోత.

ఊర్మిల ఫోన్‌ను చెవికి అదుముకునే నిలబడింది.

బుచ్చవ్వ తల ఎత్తింది.

"పోయింది ఎవ్వలు, బిడ్డా?" అని అడిగింది.