ఒంటిగంట యుద్ధం

యుద్ధం మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటకు మొదలైంది. నసీరుద్దీన్ ముఖానికి కండువా చుట్టుకుని, బండరాయి వెనక బోర్లా పడుకుని, ఫోన్‌ పైకెత్తి గొంతు తగ్గించాడు.

“అన్నలారా, ఇది యెమెన్ బార్డర్. అవతల వాళ్లల్లో వాళ్లే కొట్టుకుంటాండారు. గుండ్లు మా నెత్తిమీద నుంచే పోతాండాయి.”

ధన్‌మని కొండ అదిరింది. దుమ్ము లేచింది.

నిజానికి అది సరిహద్దుకు ఇవతలి దేశంలో, రైసూత్ రేవు దగ్గర ఒక సున్నపురాయి క్వారీ. రోజూ భోజనాల వేళకు అక్కడ మందు పెట్టి రాయి పేలుస్తారు. పేల్చేదీ నసీరుద్దీనే, యుద్ధం అని చెప్పేదీ నసీరుద్దీనే. బార్డర్ అక్కడికి నూట యాభై కిలోమీటర్ల పైమాటే.

అవతల అంతర్యుద్ధం మాత్రం అబద్ధం కాదు. ఆ వారమే సరిహద్దులో ఒక చెక్‌పోస్టు కోసం రెండు వర్గాలు కొట్టుకుని ఐదుగురు చచ్చిపోయారు. పేపర్లో రెండు లైన్ల వార్త వచ్చింది. ఐదు చావులకు అది చాలనుకున్నారు కాబోలు. నసీరుద్దీన్ యుద్ధాన్ని మూడు రోజుల్లో నాలుగు లక్షల మంది చూశారు. అంతకుముందు అతను పెట్టిన చేపల పులుసు వీడియోను చూసింది పదకొండు మంది, వాళ్లలో ఆరుగురు రూమ్‌లోవాళ్లే.

ఈ తిప్పలన్నీ కడపలో ఉన్న పెళ్లికూతురు అరీబా బంధువుల కోసం. వచ్చే ఆదివారమే నిఖా. పిల్లోడిది రాళ్లు పగలగొట్టే పనంట అని వాళ్లు మూతి విరిచారని తెలిసి అతనికి ఒళ్లు మండింది. ఇప్పుడు ఆ బంధువులే అతని వీడియోలు స్టేటస్‌లో పెట్టుకుంటున్నారు.

మూడో రోజు ఇంకాస్త రెచ్చిపోయాడు.

“రేపు నేనే వచ్చి ఇక్కడ యుద్ధం ల్యాదు, గిద్ధం ల్యాదు అన్నా నమ్మొద్దండి. నన్ను పట్టుకుని, తలకు తుపాకీ పెట్టి చెప్పిస్తాండారని అర్థం.”

ఆ ఒక్క మాటకే యాభై వేల లైకులు.

మర్నాడు ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. పేలుడు దగ్గర ఫోన్ బయటికి తీస్తే ఉద్యోగం ఊడుతుంది. నసీరుద్దీన్ ఫోన్ జేబులో అడుక్కు తోసి వెళ్లాడు. మేనేజర్ వీరభద్రరావు భీమవరం మనిషి, ఆ ఫోన్ సంగతే ఎత్తలేదు.

“నీ రిలీవర్ అజహర్ రానంటున్నాడయ్యా. రేపే వాడి విమానం. ఇక్కడ యుద్ధమంట.”

ఆ కంపెనీలో బదులు మనిషి వచ్చి పని అందుకుంటే తప్ప లీవు కాగితం మీద సంతకం పడదు. మందు పేల్చే లైసెన్సు ఉన్నవాడు ఇంకొకడు దొరకాలంటే మూడు నెలలు. పెళ్లికొడుకు లేకుండా నిఖా ఎలా జరుగుతుంది? నసీరుద్దీన్ సిగ్గు చంపుకుని ఉన్నదంతా చెప్పేశాడు.

“నాకు మొదటి రోజే తెలుసులే,” అన్నాడు రావు. “సైరన్ కొట్టి, భోజనాల టైముకే జరిగే యుద్ధం ఎక్కడుంటుంది? వాడికీ అదే చెప్పాను. నసీర్ భాయ్ అబద్ధమాడడు అంటాడు. నువ్వే మాట్లాడు. నా ముందే, తెలుగులో. మీరిద్దరూ మీ ఉర్దూలో ఏం గూడుపుఠాణీ చేస్తారో నాకేం అర్థమవుతుంది?”

నసీరుద్దీన్ స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు.

“అజహర్, ఇక్కడ యుద్ధం ల్యాదురా. అది మన క్వారీనే. భయపడాకు, రేపు వచ్చెయ్.”

అవతల తలుపు వేసిన చప్పుడు.

“భాయ్, నువ్వు నాతో ఎప్పుడన్నా తెలుగులో మాట్లాడినావా?”

“సార్ పక్కనే ఉండాడు. ఆయనే తెలుగులో చెప్పమన్యాడు.”

అజహర్ గొంతు తగ్గించాడు.

“అర్థమైంది భాయ్. తుపాకీ పెట్టినారు కదా. నువ్వేం మాట్లాడొద్దు, వాళ్లు చెప్పినట్టు చెయ్. అరీబా వాళ్లింట్లో చెప్పి నిఖా నేను ఆపిస్తా.”