చప్పుడు లేని పని

వెదుళ్లు ఒత్తుగా పెరిగిన కోనలో ఒక ఆడ కుందేలు మూడు రోజులుగా బొరియ దాటి బయటికి రాలేదు. అవతల ఇప్పచెట్టు కింద వేటగాడొకడు కూర్చుని, పదునైన రాతిపెచ్చుతో వెదురుబద్దను గరగరా గీకుతున్నాడు. గీకినప్పుడల్లా ఆ రాయి తన వెన్నుమీదే నడుస్తున్నట్టు కుందేలు వణికిపోయేది.

నాలుగోనాటి పొద్దున చప్పుడు ఆగిపోయింది. "హమ్మయ్య, పీడ విరగడైంది!" అనుకుని కుందేలు గంతులేసుకుంటూ పచ్చిక నడిమికి వచ్చి, ఆబగా మేయసాగింది.

పచ్చిక అంచునున్న మరో చెట్టుతొర్రలోంచి ఉడుము గొంతు తగ్గించి పిలిచింది. "ఓసి పిచ్చిదానా, బయటికెందుకొచ్చావే?"

"వాడు వెళ్లిపోయాడుగా మామా! చప్పుడేదీ?"

"ఎక్కడికీ పోలేదే. బద్ద గీకడం నిన్నటితో అయిపోయింది. పొద్దుటినుంచీ తొడమీద నార పేని వింటికి తాడు చేస్తున్నాడు. ఆ పనికి చప్పుడుండదు."

కుందేలు నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది. "ఇంకా... పేనుతూనే ఉన్నాడా మామా?"

ఉడుము ఒకసారి ఇప్పచెట్టు వైపు చూసింది. వెంటనే తల తొర్రలోకి లాక్కుంది.

అటునుంచి, కట్టిన నారిని వేలితో మీటి చూసినట్టు, "టింగ్"మని ఒక్క మోత వినిపించింది.

కుందేలు వెనక్కి తిరిగి చూసింది. బొరియ ఇరవై గంతుల దూరంలో ఉంది.