ఊడిన తీగ

ఇంకాస్త దగ్గరికి జరగండర్రా, ఫ్యాను గాలికి నా మాట కొట్టుకుపోతోంది. ఇది రెండువేల ఐదులో సంగతి.

కాలేజీ ల్యాబులో మీటరు ముల్లు కదల్లేదు.

షెకీనా తీగలన్నీ సరిగ్గానే కలిపింది. సారుని పిలవడానికి అటు తిరిగి ఇటు చూసేసరికి ఒక తీగ ఊడి వేలాడుతోంది.

"ఇంకా అవలేదా?" అన్నాడు సారు.

అబ్బాయిలు కిసుక్కున నవ్వారు.

వెనకాల ఖాకీ చొక్కాతో ల్యాబు అటెండరు వరదానం నిలబడి ఉన్నాడు. "మళ్లీ సూడమ్మా," అన్నాడు మెల్లిగా.

షెకీనాది రోలుగుంట. అమ్మా నాన్నా చెరకు కొట్టే కూలీలు. అనకాపల్లిలో ఇంజనీరింగు సీటు వచ్చిందని తెలిసిన ఆదివారం పాస్టరు గారు ఆ పిల్లను చర్చిలో అందరి ముందూ నిలబెట్టారు.

"చుట్టుపక్కల మన సంఘాలన్నిటిలో ఈ చదువుకి వెళ్తున్న మొదటి బిడ్డ," అన్నారు.

అందరూ ఆమేన్ అన్నారు. నాన్న జాకబ్ మాత్రం బస్సు దగ్గర ఒక్క మాటే అన్నాడు.

"పరీచ్చ తప్పితే ఏడవకు. నీ కత్తి సూరులోనే ఉంటాది. ఇంటికి వచ్చీయ్."

ఆ చెరకు కత్తి కలలోకి వచ్చేది. కల ఎప్పుడూ ఒకటే. చెరకు తోట మధ్యలో ల్యాబు, తన చేతిలో ఆ కత్తి. గడలన్నీ ఎర్ర తీగలు. ఎక్కడో ఒకటి తెగి ఉంటుంది, అదేదో తెలియదు. బెల్లం వాసన మాత్రం వస్తూనే ఉంటుంది.

మొదట్లో ల్యాబులో అబ్బాయిలు తనని తీగ ముట్టుకోనిచ్చేవారు కాదు. "నువ్వు రీడింగులు రాసుకో చాలు," అనేవారు. వరదానమే కిటికీ పక్కన ఓ పాత బల్ల తుడిచి, "నువ్విక్కడ సేసుకోమ్మా," అని చోటిచ్చాడు.

మంచివాడే అనుకుంది. తీరా ఆ బల్ల మీదే ప్రతి గురువారం తీగ ఊడేది.

నాలుగో గురువారం సారుని పిలిచినట్టే పిలిచి, చటుక్కున వెనక్కి తిరిగింది. ఎర్ర తీగ వరదానం చేతిలో ఉంది.

"ఏటి తాతా ఇది! నీకు నేనేటి అన్నాయం సేసేను?"

"ఏటీ సెయ్యలేదు."

"మరెందుకు ఊడదీత్తన్నావు?"

ముసలాయన నవ్వాడు. "ఎందుకని అడక్కు. ఎక్కడని ఎతుకు."

స్నేహితురాలు లావణ్యకి ఒళ్లు మండింది. "నవ్వొకటా! హెచ్‌ఓడీ గారికి రాసిచ్చెయ్యవే."

షెకీనా రాసిచ్చింది. మరుసటి గురువారానికల్లా వరదానాన్ని సైకిల్ స్టాండుకి మార్చేశారు.

గేటు దాటుతుంటే అక్కడి నుంచే అడిగేవాడు. "పరీచ్చెప్పుడమ్మా?"

మొహం తిప్పుకుని వెళ్లిపోయేది.

కొన్నాళ్లకి ఆ గొంతు వినిపించలేదు. షెకీనా గమనించనైనా లేదు.

ప్రాక్టికల్ పరీక్ష రోజు వచ్చింది. పరీక్ష పెట్టడానికి వేరే ఊరి నుంచి వచ్చిన పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు. మూడు బల్లల మీద ముల్లు కదల్లేదు. షెకీనాది అందులో ఒకటి.

పాత తీగలు కదా, లోపల తెగిపోయాయి. పైకి బాగానే కనిపిస్తాయి.

"సార్, మీటరు పోయింది!" అని మిగతావాళ్లు గోల పెట్టారు.

షెకీనా గోల పెట్టలేదు. కిటికీలోంచి మార్కెట్టు బెల్లం వాసన వస్తోంది. వేళ్లు ఒక్కో తీగనీ తడుముకుంటూ, కలలో నడిచినట్టు నడిచాయి. ఏడో తీగ దగ్గర ఆగాయి. దాన్ని తీసి ఇంకోటి పెట్టింది.

పిచ్చుక తల తిప్పినట్టు ముల్లు కదిలింది.

పెద్దాయన లేచి వచ్చాడు. "ఇలా వెతకడం ఎవరు నేర్పారమ్మా నీకు?"

షెకీనాకి వరదానం మాట గుర్తొచ్చింది, ఎక్కడని ఎతుకు. పరీక్ష అవగానే సైకిల్ స్టాండుకి పరిగెత్తింది.

అక్కడ బంగారయ్య అని ఎవరో కొత్త మనిషి. "వరదానం మామా? ఒంట్లో బాగోక ఊరెల్లిపోయేడమ్మా. సీడికాడ."

మర్నాడు మొదటి బస్సు ఎక్కింది.

చీడికాడలో ఆయన భార్య లూర్దు మేరీ అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది.

"పది రోజులైందమ్మా, ఆయన్ని భూస్థాపన సేసి."

షెకీనా తన పేరు చెప్పింది. తిట్లు తినడానికి తల వంచుకుని నిలబడింది.

"నువ్వేనా!" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. బైబిలు తెరిచింది. మధ్యలో షెకీనా రాసిన ఫిర్యాదు, జెరాక్సు కాగితం, నాలుగు మడతలు పెట్టి ఉంది.

"ఇది తెచ్చిన రోజు ఎంత మురిసిపోయేడో! ఇన్నేల్లలో ఎంతమంది పిల్లల తీగలు ఊడదీసేనో, ఊడిన తీగని పట్టుకున్నారు గానీ ఊడదీసినోణ్ణి పట్టుకున్నది ఇదొక్కత్తే అన్నాడు."

"మరి నాతో ఎందుకు సెప్పలేదు మామ్మా?"

"సెప్తే తీగని వొగ్గీసి నామీద జాలిపడతాది అన్నాడమ్మా."

ఫిర్యాదు కింద ఇంకో కాగితం ఉంది. పండుటాకు రంగు తిరిగిన హాల్ టికెట్టు. ఇంజనీరింగు ప్రాక్టికల్ పరీక్షది. పందొమ్మిది వందల అరవై ఎనిమిది. మూలనున్న ఫొటోలో మీసమైనా సరిగా రాని కుర్రాడు, అదే నవ్వు.

షెకీనా ఆ చదువు పూర్తిచేసింది, ఇప్పుడు తనే ల్యాబులో పాఠం చెబుతోంది. కిటికీ పక్క బల్ల తనే తుడుస్తుందట.

ఇది గుర్తుపెట్టుకుని మీ పిల్లలకీ చెప్పండర్రా. ఊరి పేరు మర్చిపోయినా ఫర్వాలేదు. పాస్టరు గారి మాట ఒక్కటి మాత్రం సరిదిద్ది చెప్పండి: మొదటి బిడ్డ షెకీనా కాదు, ఆమెకి ముప్పై ఏడేళ్ల ముందే ఆ చదువుకి వెళ్లి, ఎవరూ తీగ ముట్టుకోనివ్వక, పరీక్షనాడు ఊడిన తీగ ఏదో దొరక్క ఇంటికి తిరిగొచ్చేసిన వరదానం.