రెండు గీతలు

"ఆ మాట నేనన్లేదు!"

ఆర్కిటెక్ట్ వారపత్రికతో ఎడిటర్ బల్లమీద ఒక్క దెబ్బ వేశాడు. టీ కప్పు ఎగిరి మళ్ళీ సాసర్లో పడింది.

"ఊళ్ళో సగం మేడలు నావి. అలాంటి నేను, 'సినిమా హాలు బాల్కనీ కూలడం మేస్త్రీ తప్పు కాదు, నేను గీసిన ప్లానులోనే తప్పుంది' అని ఈయనతో అంటానా? నాకేమైనా మతి పోయిందా?"

ఈయన అంటే బల్లకి ఇవతల నిలబడ్డ విలేకరి. ముప్పై ఒక్కేళ్ళుగా ఆ పత్రికలో ఊళ్ళోని పెద్దమనుషుల గురించీ, వీధుల గురించీ రాస్తున్నవాడు. ఇన్నేళ్ళలో "నేనలా అనలేదు" అని వచ్చినవాళ్ళు లేరు. ఇదే మొదలు.

"అన్నారు సార్. మీ నోటితోనే అన్నారు" అన్నాడు విలేకరి.

"రుజువేది?"

ఎడిటర్ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. పాపం, అతను ఒకప్పుడు ఈ విలేకరి దగ్గరే పని నేర్చుకున్నవాడు.

"గురువుగారూ, లాయర్ నోటీసు కూడా పట్టుకొచ్చారు. రుజువు లేకపోతే వచ్చే సంచికలో మీ పేరుతో క్షమాపణ వేయాలి. ఆ తర్వాత మిమ్మల్ని ఇక్కడ ఉంచడం నా చేతుల్లో ఉండదు. రాసుకున్నారు కదా?"

"రాసుకోకుండా ఎలా ఉంటాను?"

విలేకరి భుజం సంచిలోంచి నోట్‌బుక్కు తీసి, ఒక పేజీ తెరిచి బల్లమీద పెట్టాడు. పేజీ నిండా షార్ట్‌హ్యాండ్. వంకర గీతలు, చుక్కలు. ఎడిటర్ అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. ఏది తలో ఏది తోకో తెలియలేదు.

అసలు సంగతి మీకు చెప్పేస్తాను. ఆర్కిటెక్ట్ ఆ మాట అన్నది నిజం. ఆ పేజీలో ఆ మాట లేదన్నదీ అంతే నిజం. పెద్దమనుషులు గొప్పలు చెప్పుకుంటున్నంతసేపూ ఎదురుగా కలం కదులుతూ ఉండాలి, లేకపోతే చిన్నబుచ్చుకుంటారు. ఏం రాస్తున్నామన్నది వేరే సంగతి. అసలు మాటలు నోట్‌బుక్కు మూశాకే, గేటు దాకా సాగనంపుతూ అంటారు. ఇదీ గేటు దగ్గర అన్నదే. విలేకరి మనసులో పెట్టుకొచ్చి రాశాడు. ఎవరైనా గొడవకొస్తే ఈ గీతలు చూపిస్తే సరిపోతుందనుకున్నాడు. ఈ రోజుల్లో వీటిని చదివేదెవరు గనక?

"షార్ట్‌హ్యాండా!" ఆర్కిటెక్ట్ ముఖం వెలిగిపోయింది. "భేషుగ్గా ఉంది. మా స్టెనో బయటే కూర్చుంది. ఇరవై ఆరేళ్ళుగా నా ఉత్తరాలన్నీ ఈ గీతల్లోనే రాసుకుంటోంది. పిలవండి, ఇప్పుడే తేలిపోతుంది."

విలేకరి గబుక్కున నోట్‌బుక్కు మీద చెయ్యి వేయబోయాడు గానీ, ఆర్కిటెక్ట్ అప్పటికే దాన్ని తన వైపు లాక్కున్నాడు.

స్టెనో వచ్చింది. యాభై దాటిన మనిషి. చంకలో ఆయన ఫైళ్ళు.

"ఇది చదువమ్మా. ఉన్నదున్నట్టు చదువు. ఒక్క అక్షరం వదలొద్దు."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పేజీని పైనుంచి కింద దాకా చూసింది. తలెత్తి విలేకరిని చూసింది. మళ్ళీ పేజీ చూసింది. విలేకరి తన ముప్పై ఒక్కేళ్ళ పేరు మట్టికొట్టుకుపోయినట్టే అనుకున్నాడు.

"'సినిమా హాలు బాల్కనీ కూలడం మేస్త్రీ తప్పు కాదు,'" ఆవిడ నింపాదిగా చదివింది. "'నేను గీసిన ప్లానులోనే తప్పుంది.'"

విలేకరికి తన చెవుల మీద తనకే నమ్మకం పోయింది.

"ఇంకా ఉందండీ." స్టెనో వేలు కింది వరసకి జరిగింది. "'తప్పు నాదని ఆ రోజే తెలుసు. అయినా మేస్త్రీని పనిలోంచి తీసేస్తూ ఉత్తరం రాయించాను. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికి కాగితం మీద సిరా ఒలికింది. ఇంకో కాపీ టైపు చేయించాను.'"

ఆర్కిటెక్ట్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. విలేకరి వైపు తిరిగాడు.

"అది కూడా చెప్పేశానా మీకు?"

అనేశాక నాలిక్కరుచుకున్నాడు. ఏం లాభం? ఎడిటర్ అప్పటికే లాయర్ నోటీసు మడిచి ఆయన చేతిలో పెడుతున్నాడు.

"ఆ మేస్త్రీ ఎక్కడున్నాడో కనుక్కోండి గురువుగారూ. వచ్చే సంచికలో ఆయన గురించి రాద్దాం."

ఆర్కిటెక్ట్ స్టెనో కోసం ఆగనైనా ఆగకుండా వెళ్ళిపోయాడు. విలేకరి పరుగున వెళ్ళి మెట్ల దగ్గర ఆవిడని అందుకున్నాడు.

"అమ్మా, ఆ సిరా సంగతి ఆయన నాతో అనలేదు. నేను రాయనూ లేదు."

"తెలుసండీ. ఆ ఉత్తరం రెండుసార్లు టైపు చేసింది నేనే. పదకొండేళ్ళుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను, ఒక్కరూ అడగలేదు. ఇవాళ ఆయనే పిలిచి చదవమన్నారు."

"మరి మీ ఉద్యోగం?"

"పోతే పోయింది లెండి. నిద్రయినా పడుతుంది."

నోట్‌బుక్కు అతని చేతిలో పెట్టి రెండు మెట్లు దిగింది. దిగినావిడ ఆగి వెనక్కి తిరిగింది.

"ఇంటికెళ్ళేటప్పుడు మర్చిపోకండి సార్. బట్టల సబ్బులు నాలుగు, అగ్గిపెట్టెలు రెండు, చీపురొకటి. చీపురు కింద రెండు గీతలు కూడా గీసుకున్నారు, ఇంట్లో అమ్మగారు గట్టిగానే చెప్పినట్టున్నారు!"