విసిరే చెయ్యి

బంతి విసరబోతున్న వాసవి ఎడమ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మణికట్టు పట్టుకున్నది నాన్న.

"మళ్లీ ఆ చెయ్యేనేటే?" అన్నాడు పోలిరాజు. బతు బస్తీ బజార్లో తన కొట్టు మూసి మరీ వచ్చాడు. "కుడి చెయ్యి దేనికి, గోళ్లు పెంచుకోడానికా?"

సాఫ్ట్‌బాల్ ఆడుతున్న అమ్మాయిలందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. కోచ్ చక్రి పరుగున వచ్చాడు.

"అరె అంకుల్, ఛోడియే, వదలండి! వచ్చే వారం పోటీలకి టీమ్ ఓడెక్కి ఈ దీవి దాటాలి. ఈ సీజన్‌కి మాకు బ్యాటింగంటే కనకలక్ష్మి, పిచింగంటే మీ వాసవి. అవతలి టీమోళ్లకి ఎడమ చేతి బంతి అలవాటే లేదు. మా ఆశంతా ఈ చెయ్యి మీదే."

"మీ ఆశ మీ దగ్గరుంచుకోండి బాబూ. రేపు కొట్లో కూచుని ఎడమ చేత్తో సరుకిస్తే పుచ్చుకునేవోడెవడు? బోణీ బేరానికి ఆ చెయ్యి చాపితే మొహాన కొట్టి పోతారు."

"నేను కొట్లో కూచోను నాన్నా."

"నోరుముయ్యి. ఆడితే కుడి చేత్తో ఆడు. లేదంటే ఇంటికి నడు. ఓడా లేదు, గీడా లేదు."

వాసవి చక్రి వైపు చూసింది. అతను నేల చూపులు చూశాడు. ఎదుట కన్నతండ్రి ఉంటే కోచ్ మాత్రం ఏం చేస్తాడు? ఈ ఓడ తప్పితే ఇక నాన్న గ్రౌండు గడప తొక్కనివ్వడని ఆమెకు తెలుసు. కుడి చేతి గ్లవ్ తీసి కింద పెట్టింది. బంతిని ఆ చేతిలోకి మార్చుకుంది. ఆ చెయ్యి తనది కానట్టే ఉంది.

పోలిరాజు వెళ్లి కంచె దగ్గర నిలబడ్డాడు.

మొదటి బంతి సగం దూరంలోనే పడి దొర్లింది.

"ఏమే, బంతి వేస్తున్నావా, అక్షింతలు వేస్తున్నావా?" అంది బ్యాటు పట్టుకున్న కనకలక్ష్మి. నవ్వించాలనే అంది. ఎవరూ నవ్వలేదు.

వాసవి పళ్లు బిగించి మళ్లీ విసిరింది. బంతి బద్ధకంగా వెళ్లింది. కనకలక్ష్మి లాగి కొట్టింది. అందరి తలల మీదుగా పోయి అది పోలిరాజు కాళ్ల ముందు పడింది.

"చూశారా అంకుల్?" అన్నాడు చక్రి. "ఇలాగైతే మేం ఓడెక్కడమే దండగ."



"పెదనాన్నా, బాల్! జల్దీ!" కనకలక్ష్మి అరిచింది.

పోలిరాజు వంగి బంతి తీశాడు. పీడ వదిలించుకున్నట్టు విసిరేశాడు. అది నేల తాకలేదు, పక్కకు పోలేదు. వాసవి చెవి పక్కనుంచి రివ్వుమని వెళ్లి క్యాచర్ గ్లవ్‌లో ఠప్పున పడింది. క్యాచర్ గ్లవ్ ఊడదీసి అరచెయ్యి ఊదుకుంది.

"అబ్బో! పెదనాన్నని కూడా ఓడెక్కించండి భయ్యా!" అంది కనకలక్ష్మి.

అందరూ బంతిని చూస్తున్నారు. వాసవి ఒక్కతే నాన్నను చూస్తోంది. ఆయన విసిరిన చెయ్యిని గబుక్కున వీపు వెనక్కి దాచుకున్నాడు.

వాసవి ఆయన దగ్గరికి నడిచింది. ఆ చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

"నువ్వూ ఎడమ చేతివాడివే కదా నాన్నా! మరి నిన్నెవరు కొట్టి మాన్పించారు?"