నలభైలో ఒక్కటి

"ట్రాన్స్‌జెండర్ కోటా వాళ్ళు వచ్చారా, ఈసారీ ఎగ్గొట్టారా?" గళ్ళచొక్కా వేసుకున్నవాడు వరండా అంతా వినబడేలా అడిగాడు.

"వచ్చాం," అందామె.

డిపో వరండాలో తలలన్నీ ఇటు తిరిగాయి. తిరగాల్సినంత మనిషే. తాడిచెట్టంత ఎత్తు, కాలేజీలో షాట్‌పుట్ విసిరి విసిరి వెడల్పెక్కిన భుజాలు, ఫోనెత్తితే అవతలివాళ్ళు "సార్" అనే గొంతు. చూపులు ఆమె చెప్పుల దగ్గర మొదలై జడ దాకా ఎక్కి అక్కడ ఆగాయి. గళ్ళచొక్కా మొహంలో అంతా అర్థమైపోయిందన్న నవ్వు వెలిగింది.

ఆమె బెంచీ మధ్యలో తీరిగ్గా కూర్చుంది. పక్కన ఆమె భర్త. పొట్టిగా, సన్నగా, నీటుగా కత్తిరించిన మీసంతో, ఒళ్ళో టిఫిను డబ్బా పెట్టుకుని ఉన్నాడు. పెళ్ళయి నెల కూడా కాలేదు. ఆయన డబ్బా మూత తీయడం కూడా ఆమెకింకా ముచ్చటే. ఇద్దరికీ ఒకే డబ్బా, ఒకే చెంచా. రెండో చెంచా కొనాలని ఎవరికీ గుర్తుండదు. గుర్తొచ్చినా కొనరు.

బస్సు డ్రైవరు పోస్టులు నలభై. అందులో ఒక్కటి ట్రాన్స్‌జెండర్లకు. పోయినేడు ఆ ఒక్కదానికీ వచ్చినవాళ్ళు ఇదే వరండాలో మాటలు పడలేక, బస్సు ముట్టుకోకుండానే వెళ్ళిపోయారు. పోస్టు మిగతావాటిలో కలిసిపోయింది. ఈ ఏడు అది జరగనివ్వనని ఆమె ఇంట్లో బయల్దేరేటప్పుడే ఒట్టేసుకుంది.

"ఈయనెవరు?" అన్నాడు గళ్ళచొక్కా.

"మా ఆయన."

"మీకూ పెళ్ళిళ్ళా?"

"మాకూ ఆకలేస్తుంది, నిద్రొస్తుంది, మొగుడి మీద కోపమొస్తుంది. పెళ్ళొక్కటే ఏం పాపం చేసింది?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇలా కాదని గళ్ళచొక్కా భర్త వైపు తిరిగాడు. "బాబూ, డ్రైవింగు నువ్వే నేర్పావా ఈవిడకి?"

"మా ఇంటి స్టీరింగు మొదట్నుంచీ ఆవిడ చేతిలోనే ఉందండి," అన్నాడు భర్త, డబ్బా మూత నొక్కుతూ. బిగిసిన మూతనే మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నాడు. ఆమె అది చూసింది. ఆ చేతి మీద తన చెయ్యేసి, గళ్ళచొక్కాకి ఎదురుగా తిరిగి కూర్చుంది. ఆ భుజాల వెనక భర్త సగానికి పైగా కనబడకుండా పోయాడు.

గళ్ళచొక్కా గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నా పేరు ప్రతిసారీ అంచు దాకా వచ్చి ఆగిపోతోంది. ఆ పోస్టు మిగిలితే నాలాంటివాడు బతుకుతాడు. ఎండనకా వాననకా లారీలు తోలి నేర్చుకున్నాను. ఇంతమంది నవ్వుతుంటే నీకెందుకీ అవస్థ? పరువుగా ఇంటికెళ్ళిపో."

"అన్నా, నువ్వడిగితే లారీ తాళం చేతికిచ్చారు. మేమడిగితే మొహం మీదే తలుపేశారు. అయినా నేర్చుకునే వచ్చాం. ముప్పైతొమ్మిది పోస్టులు నీ ముందు బార్లా తెరిచి ఉంటే, పోయి పోయి ఈ ఒక్కదాని చక్రం కింద పడుకుంటానంటావేంటి?"

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు," గొణిగాడతను.

"ఊరిలా ఉంది కాబట్టే నోరిలా తయారైంది."

వరండా గొల్లుమంది. గళ్ళచొక్కాకీ నవ్వొచ్చింది గానీ పెదవి కొరుక్కుని ఆపుకున్నాడు. "మాటలకేం, కోటలు దాటతాయి. అంత మనిషివి, ఆ సీట్లో ఇముడుతావా అసలు?"

"సీటు మాకు సరిగ్గానే ఉంటుంది. నీకే ఇరుగ్గా ఉన్నట్టుంది."

ఇన్‌స్పెక్టరు గుమ్మంలోకి వచ్చాడు. అతని వెనక ఆవరణలో ఖాళీ బస్సొకటి గురగురమంటోంది. దాని ముందు ఎనిమిది అంకె ఆకారంలో కర్రలు పాతి ఉన్నాయి.

"ట్రాన్స్‌జెండర్ కోటా అభ్యర్థి రావాలి."

నవ్వులు ఆగిపోయాయి. ఆమె గడ్డం ఎత్తే ఉంచింది.

ఆమెకు దారి ఇవ్వడానికి అందరూ కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. గళ్ళచొక్కా అయితే లేచి, నడుం వంచి, చెయ్యి చాచి మరీ, "దయచేయండి మేడమ్," అన్నాడు.

ఆమె కాలు మీద కాలేసుకుని బెంచీ మీదే కూర్చుని ఉండగా, ఆ చాచిన చేతిని దాటుకుంటూ నడిచి వెళ్ళి, ఇన్‌స్పెక్టరుకి తన హాల్‌టికెట్టు చూపించి, ఆమె భర్త డ్రైవరు సీటెక్కాడు.