మూడు దెబ్బల బొమ్మ

"కొట్టండి, బొమ్మ రావాలిగా," అంది చిత్రకారిణి మొగుడితో.

గ్యాలరీ నడుమ పంచింగ్ బ్యాగు వేలాడుతోంది. దానికి తెల్లగుడ్డ చుట్టింది తనే. మొగుడి గ్లౌజులు నీలిరంగులో ముంచిందీ తనే. బాక్సింగుతో బొమ్మ వెయ్యడమేమిటో, వింత కాకపోతే. జనం మాత్రం ఫోన్లు పైకెత్తి సిద్ధంగా ఉన్నారు.

బ్యాగును వెనకనుంచి పట్టుకున్నది ఆమె తండ్రి. పక్కనే తల్లి నిలబడి ఉంది. అల్లుడికి బాక్సింగు నేర్పిన కోచ్ కూడా ఆయనే. పొద్దున్నే కూతురు బట్టలు సర్దుకుని పుట్టింటికొచ్చి, "ఆయన కొడుతున్నాడు నాన్నా" అంటే ససేమిరా నమ్మలేదు.

"వాడు రింగు బయట చెయ్యెత్తడు. నా శిక్షణ అది."

"సాయంత్రం నా బొమ్మ చూడు. అప్పటికీ నమ్మకపోతే నోరు మూసుకుని ఆయన వెంట పోతాను."

"సరే, మాట మీద నిలబడు," అన్నాడు. తల్లి మధ్యలో కలగజేసుకోలేదు. ఆవిడ ఎప్పుడూ అంతే.

ఇప్పుడు గ్యాలరీలో అల్లుడు మొహమాటంగా రెండు తగిలించాడు.

"అంతేనా? అన్నం తినలేదా?" అంది భార్య.

జనం నవ్వారు. వాడి మొహం కందగడ్డయింది. ఇక పూనకం వచ్చినట్టు విరుచుకుపడ్డాడు. ఎడమచేత్తో భుజమెత్తున ఒకటి, అదే చేత్తో పక్కటెముకల దగ్గర ఒకటి, ఆఖర్న కుడిచేత్తో చెవికింద ఒకటి. మళ్ళీ అదే వరస. మళ్ళీ. గొలుసు కిర్రుకిర్రుమంది. రంగు చింది ముందున్న వాళ్ళ బట్టలు పాడయ్యాయి. బ్యాగు అదురుకు కోచ్ పళ్ళు టకటకలాడాయి. అయినా ఆయనకు గర్వంగానే ఉంది. ఆ వరస తను నేర్పిందే మరి. చేతికి అలవాటైతే మనిషి ఆలోచించక్కర్లేదని చెప్పి మరీ నేర్పాడు.

"ఇక చాలు."

కూతురు గుడ్డ విప్పి గోడకు తగిలించింది. దానిమీద ముదురుగా మూడే మరకలు. పక్కన నిలబడి శాలువా తీసేసింది. కుడి భుజాన కమిలిన మచ్చ. ఎడమ చెవికింద ఇంకొకటి. మూడోది పదిమందిలో చూపించలేక పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుంది. మరకలూ మచ్చలూ ఒకే ఎత్తున ఉన్నాయి.

"ఇప్పుడు నమ్ముతావా నాన్నా?"

కోచ్ బ్యాగు వదిలేసి ముందుకొచ్చాడు.

"నా బిడ్డ మీద చెయ్యి చేసుకుంటావురా?" అంటూ అల్లుడి మీదికి పిడికిలి ఎత్తాడు.

పక్కనే ఉన్న కోచ్ భార్య గబుక్కున తన ఎడమ చెవి కప్పుకుంది.